పేలుడు అతుకు

హైటెన్షన్ తీగల కొసలను గొట్టంలో దూర్చి, పైన పేలుడు మందు చుట్టి, పేల్చి అతికించడం యేసుదానం పని. తోటివాళ్లు విజిల్ ఊదగానే అతను దూరంగా పరుగెత్తాలి. పేలాక వెనక్కొచ్చి ఆ అతుకును అరచేత్తో నిమురుతాడు. నాంపల్లిలో ఇంటికొస్తే కుక్కర్ కూతలు ఆవిరి చూసి లెక్కపెడతాడు. ఎవరు మాట్లాడినా పెదవులకేసే చూస్తాడు. అదొక అలవాటనుకుంది భార్య ప్రేమలీల.

ఆదివారం అబిడ్స్ ఫుట్‌పాత్ మీద అతను చొక్కాలు ఏరుతుంటే, వెనకాలే బస్సు టైరు ఢామ్మని పేలింది. జనమంతా ఉలిక్కిపడ్డారు. అతను తాపీగా నీలం చొక్కా కాలరు తిప్పి చూస్తున్నాడు. పక్కనే ఉన్న ప్రేమలీల అతని ముందుకొచ్చింది. పెదవులు కనబడకుండా కొంగు అడ్డం పెట్టుకుని అడిగింది.

"రేపు విజిల్ ఎట్ల ఇంటవయ్యా?"

అతను నవ్వుతూ తలూపాడు.

"ఔ, గీ నీలమే మంచిగుంది."