మనిషి దూరని గోడ

మా మేస్త్రీ గారు పోయారు. కిందటి నెల ఒక ఆదివారం ప్రార్థన ముగించుకుని బయటికి వస్తుంటే ఆయన తమ్ముడు ఎదురొచ్చి ఆ మాట చెప్పాడు. ఎండాకాలానికి కాలవ కట్టేసి పడవలు లేని రోజులు కాబట్టి పాపం గట్టు వెంట నడిచి వచ్చాడు. "బాధపడలేదండి. మజ్జిగ తాగి అరుగు మీద పడుకున్నాడండి. మరి లేవలేదు" అన్నాడు. నేను చెప్పులు మందిరం గుమ్మం దగ్గరే మరచిపోయి, ఎండలో ఉత్తికాళ్ళతో ఇంటికొచ్చాను.

పోయినవారి గురించి పత్రికల్లో రాసేది సాధారణంగా జమీందార్లయితేనో, ప్లీడర్లయితేనో. మా మేస్త్రీ గారికి సంతకం రాదు. గోడలు పెట్టుకుంటూ, పడిపోయే గోడలు నిలబెట్టుకుంటూ బతికిన మనిషి. అయినా చదువరులకు ఆయన సంగతి చెప్పకపోతే మా ఇంటావిడ నాకు అన్నం పెట్టదు. పెట్టినా నాకు సయించదు.

కొన్నేళ్ళ కిందట మేము మట్టిగోడల అద్దె ఇంట్లో ఉండేవాళ్ళం. నేను మిషన్ బడిలో పంతుల్ని. ఒక రోజు తెల్లవారి లేచి చూస్తే మా పాప ఉయ్యాల మీద ఎండ పడుతోంది. ఆ మూల కిటికీ లేదు. గోడ మొదట్లో మనిషి పట్టేంత కన్నం! దొంగలు ఉయ్యాల కింద నుంచే పాకి వచ్చి, ఇత్తడి బిందెలూ పెళ్ళినాటి పట్టుచీరా పట్టుకుని, మళ్ళీ ఉయ్యాల కింద నుంచే పాకి పోయారు. పాపకు నిద్రాభంగం కూడా కాలేదు.

మా ఇంటావిడ పోయిన సామాను లెక్క కూడా చూసుకోలేదు. పాపను ఎత్తుకుని పెద్దాపురంలో పుట్టింటికి బయలుదేరింది. బండెక్కుతూ మాత్రం, "నాకు నగలొద్దు, మేడా వద్దండి. మనిషి దూరని గోడ కావాలి. అది చూపించిన రోజున వస్తాను" అంది. నేను నవ్వేశాను. ఆవిడ నవ్వలేదు. ఆరు నెలల తరవాత చూడబోతే మా పాప నన్ను గుర్తుపట్టక వాళ్ళ తాత పంచె చాటున దాక్కుంది. ఆ రోజు తిరుగు దారంతా నాకు ఏడుపే.

అప్పుడే ఒక పాత పెంకుటిల్లు కొన్నాను. ఆ ఇల్లు ఎవరికీ అచ్చిరాలేదని ఊరంతా చెప్పింది. నేను చదువుకున్నవాణ్ణి కదా, వినలేదు. దాన్ని బాగుచెయ్యమని మేస్త్రీ గారిని పిలిచాను. ఆయన ఇంట్లోకి రాకుండా చుట్టూ తిరుగుతూ, పశువును నిమిరినట్టు గోడల్ని నిమురుతూ వెళ్ళారు. పెరటి గోడ దగ్గర ఆగి, వేలి కణుపుతో కొట్టి, చెవి పెట్టి విన్నారు.

"ఇక్కడొకటండి. ఇదిగో, ఇక్కడ ఇంకోటి."

రెండు పాత కన్నాలు. గడ్డీ పేడా కుక్కి, పైన సున్నం కొట్టేశారు. కన్నం పడిన ఇల్లంటే ఆ ఇంటికి పిల్లనెవరిస్తారని వెనకటివాళ్ళు దాచుకున్నారట. "మళ్ళీ ఇంకాస్త సున్నం వేయించేద్దామండి. మా ఇంటావిడకు తెలియకుండా ఉంటే చాలు" అన్నాను.

ఆయన సున్నం పెచ్చు ఒకటి గోటితో ఊడదీశారు. "గోడ అబద్ధమాడదండి పంతులు గారూ. మనమే దానిమీద సున్నం పూసి ఆడిస్తాం" అన్నారు. బడిలో పిల్లలకు రోజూ నీతులు చెప్పే నేను ఆ పూట తల దించుకున్నాను.

ఆయన చిన్నతనంలో గోదారి ఆనకట్ట పనిలో తట్టలు మోశారు. ఇసుకలో గుంట తవ్వితే ఎంత తవ్వితే అంతా పక్కనించి జారి వచ్చేదట. "ఇసుకతో పోట్లాడకూడదండి. దాన్ని మన పక్షానికి తిప్పుకోవాలి" అనేవారు. ఉన్న మట్టిగోడకు బయటివైపు జానెడు ఎడం వదిలి ఇటుక గోడ లేపుతాననీ, మధ్య సందులో అటక మీంచి ఎండిన గోదారి ఇసుక పోస్తాననీ చెప్పారు. కన్నం పెట్టినవాడి మీదికే ఇసుక దిగుతుందన్నమాట.

పని మొదలైన రోజు ఆయన కొబ్బరికాయ కొట్టారు, నేను ప్రార్థన చేశాను. ఎవరిది ముందు అని కూలీలు గుసగుసలాడుతుంటే, "రెండూ ఉండనివ్వండ్రా, గోడ మోస్తుంది" అన్నారు. పని చేసేటప్పుడు మాట్లాడేవారు కాదు. పిలిస్తే "ఆయ్" అనేవారు, అంతే. మధ్యాహ్నం గోడ నీడలోనే కూర్చుని చద్దన్నం తినేవారు. "నేను కట్టింది మీద పడితే నామీదే పడాలి కదండీ" అనేవారు.

పైకప్పు పెంకులు సర్దారు, చెదపట్టిన గుమ్మం మార్చారు, ఇటుక గోడ లేచింది. మా మామగారు రోజు కుదుర్చుకుని తల్లీబిడ్డల్ని పంపుతున్నట్టు కబురు చేశారు. సరిగ్గా అప్పుడే మేస్త్రీ గారు బంధువుల పెళ్ళికని మూడు రోజులు తణుకు వెళ్ళారు. ఇక్కడే నా బుద్ధి గడ్డి తింది. కాలవ కట్టేశారు, ఇసుక పడవలు రావు. ఎడ్లబండి మీద గోదారి నుంచి తేవాలంటే ఆలస్యం. ఎదురుగా చూస్తే గట్టు మీద కాలవలోంచి తీసిన పూడిక కుప్పలు కుప్పలుగా ఉంది. చేతిలోకి తీసుకుంటే మెత్తగా, ఇసుకలాగే ఉంది. కాలవ కింద బతికేవాళ్ళం, ఒండ్రు కనిపిస్తే చెయ్యెత్తి మొక్కుతాం. వరిని పండించేది గోడను కాపాడదా అనుకున్నాను. సందంతా దానితో నింపించి, ఆయన వచ్చాక గర్వంగా చూపించాను.

మేస్త్రీ గారు గునపం తీసుకుని గోడ మొదట్లో రెండు ఇటుకలు ఊడబెరికారు. వెనకాల తడి ఒండ్రు గడ్డకట్టి కూర్చుంది. దాన్ని గుండ్రంగా తవ్వితే, కన్నం ఎక్కడా చెదరకుండా చక్కగా నిలబడింది.

"చూశారా? దొంగకి గుమ్మం కట్టి ఇచ్చారండి."

ఆయన తిట్టలేదు. "పొలానికి మంచిదల్లా గోడకి మంచిది కాదండి" అని, తలగుడ్డ బిగించి, ఆ నిమిషమే తోడడం మొదలుపెట్టారు. బళ్ళ మీద గోదారి ఇసుక వచ్చింది. పైన మబ్బులు కమ్ముతున్నాయి. వీధివాళ్ళంతా చాపలు తెచ్చి పరిస్తే, వడియాలు ఎండబెట్టినట్టు వీధంతా ఇసుక ఎండబెట్టాం. ఎవరి చాపను తొక్కినా ఆయన ఊరుకోలేదు. చివరి తట్ట పోసి ఆయన అటక దిగిన మర్నాడు పెద్దాపురం బండి వచ్చింది.

మా ఇంటావిడ గుమ్మం ఎక్కలేదు. పాపను చంకనేసుకుని నేరుగా పెరట్లోకి వెళ్ళి ఆ గోడ ముందు నిలబడింది. చూపుకు అది మామూలు గోడలాగే ఉంది, ఏం తెలుస్తుంది? నేను నోరు తెరవబోతే మేస్త్రీ గారు చెయ్యి అడ్డం పెట్టి, గునపం తెచ్చి ఆవిడ ముందు పెట్టారు.

"ఏంటండీ ఇది?"

"నా మాటా, పంతులు గారి మాటా నమ్మకండమ్మా. మీరే కన్నం వేసి చూడండి."

నిన్న పూర్తయిన గోడ! ఏ మేస్త్రీ తన గోడను పొడవమంటాడు? ఆవిడ పాపను నాకిచ్చి, కొంగు బిగించి, నిజంగానే పొడిచింది. ఒక ఇటుక ఊడింది, ఇంకొకటి ఊడింది. ఇసుక జలజలా దిగి ఆవిడ పాదాలు కప్పేసింది. చేతులతో తోడింది. తోడినకొద్దీ వచ్చింది. పంతం కొద్దీ తోడుతూ, మోకాళ్ళ దాకా ఇసుకలో కూరుకుపోయి, ఒక్కసారిగా పక్కుమని నవ్వింది. నవ్వుతూనే ఏడ్చింది. తరవాత చేతులు దులుపుకుని పాపను తీసుకుని లోపలికెళ్ళింది. కాసేపటికి వంటింట్లోంచి పొయ్యి ఊదుతున్న చప్పుడు వినబడింది. నా జన్మలో అంత హాయిగా ఊపిరి పీల్చుకున్న రోజు మరొకటి లేదు.

ఊడిన ఇటుకలు మేస్త్రీ గారు ఆ పూటే తిరిగి పెట్టి సందు నింపేశారు. ఆ తరవాత ఏటా తొలకరికి ముందు ఆయన పిలవకుండానే వచ్చేవారు. ఇసుక కొద్దికొద్దిగా కిందికి అణుగుతుంది కాబట్టి అటకెక్కి పైనుంచి రెండు తట్టలు పోసి, మజ్జిగ తాగి వెళ్ళేవారు. మా ఇంట్లో మళ్ళీ కన్నం పడలేదు. ఎవరైనా ప్రయత్నించారో లేదో కూడా మాకు తెలియదు, అంత గాఢంగా నిద్రపోయాం ఇన్నేళ్ళూ.

ఈ ఏడు ఆ పని మిగిలిపోయింది. ఆయన దినం అయిన మర్నాడు నేనే అటకెక్కాను. మా ఇంటావిడ ఇసుక జల్లించి అందించింది. నేను పోస్తుంటే ఎంతవరకు దిగిందో వినడానికి తను గోడకు చెవి ఆనించి నిలబడింది. "నిండిందా?" అని అడిగాను. నిచ్చెన దిగి వచ్చి చూశాను. లోపల ఇసుక చప్పుడు ఎప్పుడో ఆగిపోయింది. ఆవిడ రెండు అరచేతులూ గోడ మీద పెట్టి, కళ్ళు మూసుకుని, చెంప అలాగే ఆనించి ఉంది.