ఒడ్డు తాకేదాకా

మా శ్రీకాకుళానికి చరిత్రకేం తక్కువ లేదు, నీళ్లే తక్కువ. అయినా నాగావళిలో పర్యాటకుల పడవ తిప్పుతారనేసరికి అందరం నమ్మేశాం. క్రూయిజ్ అన్నారు దాన్ని. పాత వంతెన దగ్గర ఎక్కించుకుని, కోటేశ్వరుడి గుడి చూపిస్తూ, కల్లేపల్లి దగ్గర నది సముద్రంలో కలిసే చోటుదాకా తీసుకెళ్తారట. బాగా నడిస్తే తర్వాత సముద్రం మీంచి కళింగపట్నం దాకానట. బళ్లో సోషల్ చెప్పేవాణ్ణి కదా అని, ఊరి గొప్పతనం గురించి నాలుగు ముక్కలు నన్ను రాసిమ్మన్నారు. కళింగపట్నం రేవు నుంచి తూర్పు దేశాలకి ఓడలు పోయిన రోజులు, శాలిహుండం కొండ మీద స్తూపాలు, అన్నీ రాసిచ్చాను. రాస్తుంటే ఆ పడవ నాకే ఎక్కాలనిపించింది.

నాకంటే ఎక్కువ ఆశపడింది మా చిన్నాన్న. ఆయనది సన్నాయి. తాతల నాటి నుంచి గుడి సేవ మాది. మీట నొక్కితే డోలూ గంటా వాటంతటవే మోగే కరెంటు పెట్టె వచ్చాక గుళ్లో ఆయనకి పొద్దుటి సేవ పోయింది. పెళ్లిళ్లని డీజేలు పట్టుకుపోయాయి. ఎవరు విన్నా వినకపోయినా ఇంట్లో మాత్రం వాయించుకునేవాడు. పడవ ఎక్కేవాళ్లకి సన్నాయితో స్వాగతం పెడతామని నిర్వాహకులు అన్నప్పటి నుంచి ఆయన నడకే మారిపోయింది.

“రోజూ వాయించుకోడానికి ఓ సోటు దొరికితే సాల్రా. ఇంకేటీ అక్కర్లేదు నాకు,” అన్నాడు.

ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అని పిన్ని నవ్వింది. ఆయన వినిపించుకోలేదు.

రథసప్తమికి అరసవల్లికి జనం విరగబడతారు కాబట్టి ఆ వారంలోనే ప్రారంభించాలని పెద్దలు తీర్మానించారు. మాఘమాసంలో నాగావళి ఎలా ఉంటుందో ఒడ్డున మేకలు కాసుకునే వాణ్ణి అడిగినా చెబుతాడు. ఎవరూ అడగలేదు. జనం ఎప్పుడొస్తారో చూశారు గానీ నీళ్లెప్పుడుంటాయో చూడలేదు. మావాళ్లకి ముహూర్తం కుదిరితే చాలు.

పడవకి బంతిపూల దండలు కట్టారు. పూజారి కొబ్బరికాయ కొట్టి ముందు భాగంలో సూర్యనారాయణుడి పటం పెట్టాడు. అక్కడొచ్చింది చిక్కు. కార్తీకంలో దేవుడు తెప్ప ఎక్కి ఒడ్డు విడిచాక, ఆ తెప్ప మళ్లీ ఒడ్డు తాకేదాకా మేళం ఆగకూడదన్నది మా ఇంటి ఆచారం. ఆపితే దేవుణ్ణి నడినీళ్లలో వదిలేసినట్టే. పటం చూసిన క్షణం నుంచి చిన్నాన్న లెక్కలో అది పడవ కాదు, తెప్ప. పక్కన డోలు పట్టుకుని ఆయన బావమరిది కూర్చున్నాడు.

నేనూ ఎక్కాక పడవ కదిలింది. చిన్నాన్న ఎంత హాయిగా వాయించాడంటే, నిజం చెప్పొద్దూ, నాకు కళ్లు చెమర్చాయి. వంతెన దాటీ దాటకముందే పడవ అడుగున గరగరమంది. ఇసుక. ఇంజను కాసేపు రొదపెట్టి ఊరుకుంది. పెద్దలు ఒకరి మొహాలొకరు చూసుకుని, ప్యాంట్లు పైకి మడుచుకుని దిగారు. నీళ్లు మోకాళ్లదాకా కూడా లేవు. నడుచుకుంటూనే ఒడ్డెక్కి కార్లలో వెళ్లిపోయారు.

చిన్నాన్న దిగలేదు, సన్నాయి దించలేదు. నిర్వాహకుడు వచ్చి ఇక చాలన్నాడు. ఈయన తల అడ్డంగా ఊపాడు. ఇసుక తోలే ట్రాక్టరు కోసం కబురు పంపారు. అది ఎంతకీ రాదు. ఎండ ముదిరింది. డోలు దెబ్బ నీరసపడింది. ఊపిరి చాలక పాట మధ్యలో తెగిపోతోంది, తెగిన చోటే మళ్లీ అందుకుంటున్నాడు. వంతెన మీద జనం మూగి ఫోన్లలో తీశారు, కొందరు నవ్వారు కూడా. విచిత్రమేమిటంటే నాకు వాళ్ల మీద కోపం రాలేదు, ఆయన మీద వచ్చింది. పటం నేను ఒడ్డుకి మోసుకొస్తాను, దిగమని బతిమాలాను. మోస్తే కుదరదు, తెప్పే చేరాలని చేత్తోనే చెప్పాడు.

చివరికి ట్రాక్టరు వచ్చి తాడు కట్టి ఈడ్చింది. పడవ ముక్కు ఒడ్డుకి ఆనాక మంగళం వాయించి అప్పుడు దించాడు. పెదవి చిట్లి రక్తం కారుతోంది. నిర్వాహకుడు చెడ్డవాడేం కాదు, పరుగున వచ్చి నీళ్ల సీసా ఇచ్చాడు.

“ఈ వయసులో మీకెందుకండీ ఇంత శ్రమ. మళ్లీ తిప్పినప్పుడు స్పీకర్లో పాట పెట్టేస్తాం లెండి,” అన్నాడు జాలిగా.

చిన్నాన్న ఆయనకి దండం పెట్టాడు. ఇద్దరం ఇంటికి నడిచాం. మా వీధి మలుపులో ఆయాసం తీర్చుకోడానికి ఆగాడు.

“ఎవులో ఒకలు పిలుస్తారని ఇన్నాళ్లూ ఊపిరి దాసుకుని దాసుకుని వాడుకున్నాన్రా. ఇంక ఎవులి కోసం దాసుకోను?”

ఆ రోజు తర్వాత ఆయన ఇంట్లో కూడా మళ్లీ వాయించలేదు.