కీల్‌లో పేర్చిన ఇనుము

నడివయసు దాటిన ఆడమనిషి పడవ కింద వెల్లకిలా పడుకుని ఏం చేస్తోందా అని ఆ దారిన పోయే లారీ డ్రైవర్లందరికీ అనుమానమే. కొందరు ఆగి మరీ చూసేవాళ్లు. చూడనీ అనుకునేదాన్ని. మా ఆయన పోయి ఏడాది దాటింది. ఎవరేమనుకుంటారో అన్న బెంగ కూడా ఆయనతోనే పోయింది.

ఆ తెరచాప పడవను ఆయన డెబ్బైలలో, చెన్నై పక్క అంబత్తూరులో మాకున్న చిన్న ఫైబర్‌గ్లాస్ షెడ్డులోనే కట్టారు. మేం చేసేది నీళ్ల ట్యాంకులు. పడవ ఆయన పిచ్చి. పడవ పొట్ట కింద రెక్కలా దిగి ఉండే భాగాన్ని కీల్ అంటారు. గాలికి పడవ ఒరిగినా తిరిగి నిలబెట్టేది దాని బరువే. మా పడవకు కీల్ లోపల బోలుగా ఉంటుంది. పక్క ఫ్యాక్టరీలో ప్రెస్సు కింద రాలిన గుండ్రటి ఇనుప బిళ్లలు తెచ్చి, ఇడ్లీలు పేర్చినట్టు ఆ బోలులో వరసలుగా పేర్చి, పైన రెసిన్ జిగురు పోసి మూసేశారాయన. బిళ్లలు అందించింది నేను. తుడవకుండా అందిస్తే చీవాట్లు కూడా నాకే.

తొంభైల మధ్యలో, ఆయన పోయాక, ఆ కీల్ పక్కన చీలిక కనబడింది. ఎక్కడినుంచో నీరు దూరింది, ఇనుము తుప్పు పట్టి ఉబ్బింది, గోడ పగిలింది. తెలిసినవాళ్లంతా ఒకటే మాట, ఇనుమంతా తవ్వి పారేసి వేరే బరువు పొయ్యమని. నేను ససేమిరా అన్నాను. ఆయన చేత్తో పేర్చిన బిళ్ల ఒక్కటి కూడా కదలకూడదు. ఉన్నదాన్ని ఉన్నట్టే ఆరబెట్టి మళ్లీ మూసెయ్యాలి. నాకు కావలసింది అదే గానీ సముద్రం మీద షికారు కాదు.

తొండియార్‌పేటలో ఒక గోదాము పెరట్లో పడవను దిమ్మెల మీద నిలబెట్టించాను. జనవరికల్లా ఖాళీ చెయ్యాలని, లేకపోతే ముక్కలు కోయించి పంపేస్తానని గోదాము ఆసామి ముందే చెప్పాడు. కీల్ అడుగున రంధ్రాలు వేస్తే డికాషన్ రంగు నీళ్లు కారాయి. పడవ లోపలి నేల కోసి, ఇనుముకు పైనుంచి గాలి తగిలేలా చేశాను. తర్వాత చేసేదేముంది? ఎండల కోసం కాచుక్కూర్చోవడమే. ఆ కోసిన చోట ప్లాస్టిక్ కాగితం అతికించి పోయేదాన్ని. మర్నాడు దాని లోపలివైపు ఆవిరి పట్టి ఉంటే ఇంకా తడి ఉన్నట్టు. మే నెల కత్తిరి ఎండల్లో కూడా ఆవిరి పడుతూనే ఉంది, మొండిది.

జార్జి టౌన్‌లో మేడమీద వాటాలో నేనొక్కదాన్నే. కింద వాటాలో పిల్లల్ని తెలుగులో పలకరిస్తే తమిళంలో జవాబు చెప్పి పరిగెత్తేవాళ్లు. నోరు విప్పకుండానే పొద్దు గుంకిన రోజులు చాలా ఉన్నాయి. ఒక్కో రోజు బస్సులో టికెట్ అడగబోతే గొంతు పెగిలేది కాదు. అందుకే పని లేకపోయినా గోదాముకు పోయేదాన్ని. అక్కడి వాచ్‌మన్ తెలుగాయన, నాకంటే పెద్దవాడు.

"ఏమ్మా, ఇంకా ఆరలేదా? పసిబిడ్డను సాకినట్టు సాకతా ఉండారే దీన్ని," అనేవాడు.

"నీ మాదిరి దీనికీ మొండి ఎక్కువన్నా," అనేదాన్ని.

ఆ రోజంతటికీ నా మాటలు అవే.

సెప్టెంబరు దాటుతుండగా ఒక ఉదయం కాగితం పొడిగా ఉంది. మర్నాడూ పొడిగానే ఉంది. పొయ్యబోయే రెసిన్ కారిపోకుండా అడుగు రంధ్రాలకు బిరడాలు కొట్టాను. ఆ రోజే రెసిన్ కలపాల్సింది. కానీ దసరా దగ్గరపడింది. మా షెడ్డులో ముఖ్యమైన పని ఏదైనా విజయదశమినాడే మొదలుపెట్టేవాళ్లం. ఆయన పద్ధతి తప్పడమెందుకని ఆగాను.

ఆయుధపూజనాడు సాయంత్రం వెళ్లేసరికి పడవ తళతళలాడుతోంది. ముక్కు మీద గంధం, కుంకుమ, బంతిపూల దండ. దిమ్మెల దగ్గర నిమ్మకాయలు. వాచ్‌మన్ కాగితం పొట్లంలో బొరుగులు పట్టుకుని ఎదురొచ్చాడు.

"పండగ పూట దుమ్ము కొట్టుకోని ఉంటే బాగుండదని కడిగినానమ్మా. ఆడ పైకెక్కి, లోపలకూడా పైపు పెట్టి శుబ్బరంగా కడిగేసినా. మీరు బొట్టు పెట్టకూడదు గదా ఇప్పుడు. అందుకని అయ్య తరపున నేనే పెట్టినా."

కోపం నసాళానికి అంటింది. విధవనని నాకు గుర్తు చేసినందుకో, ఎండాకాలమంతా ఆరిన ఇనుము మీద నీళ్లు గుమ్మరించినందుకో తెలియదు. కానీ ఆయన పోయాక మా వస్తువుకు పూజ చేసిన మనిషి ఇతనొక్కడే. బొరుగులు తీసుకున్నాను.

మర్నాడు అడుగు రంధ్రాల బిరడాలు తీస్తే ఎర్రటి నీళ్లు ధార కట్టాయి. అతనికి అప్పుడర్థమైంది. తలపాగా తీసి నేల మీద కూలబడ్డాడు.

"నేను పండగ దాకా ఆగకుండా మూసేసి ఉంటే నీళ్లు ఎట్ల పోతాయి? ఇద్దరం కలిసి చేసినాం ఈ పని. లే అన్నా," అన్నాను.

ఆ వారమే వానలు పట్టుకున్నాయి. చెన్నైలో ఇక సంక్రాంతి దాకా ఇనుము ఆరదు. పడవను కోతకు ఇవ్వాలి, లేదా ఆయన పేర్చింది తవ్వెయ్యాలి. ఉలి నేనే పట్టుకున్నాను. టార్పాలిన్ కింద కూర్చుని వరస తర్వాత వరస పెళ్లగించాను. అడుగు వరసలు ఇంకా చక్కగా, ఒకదాని పక్కన ఒకటి ఉన్నాయి. అవి తీస్తున్నప్పుడు గట్టిగా ఏడ్చాను. వాన హోరులో ఎవరికీ వినబడలేదు. తీసిందంతా తూకం వేయించి, అంతే బరువు సీసం తెచ్చి, రెసిన్‌లో కూరి, పైన ఫైబర్ మ్యాటు పొరలు వేసి మూశాను.

జనవరి మొదట్లో రేవులో క్రేనుతో పడవను దించారు. ఆయన రోజుల్లో అది ఎప్పుడూ కొంచెం ఎడమకు ఒరిగి ఉండేది. ఎందుకో ఆయనకూ అంతుపట్టలేదు. దాని నడకే అంత అని నవ్వేసేవారు. ఇప్పుడు మేస్త్రీ వేలాడదీసిన తూకుగుండు దారంలా నిటారుగా నిలబడింది.

"ఎంత నేరుగా నిలిచిందో చూడండమ్మా!" అన్నాడు వాచ్‌మన్ గట్టు మీదనుంచి. అతని మొహం వెలిగిపోతోంది.

నేను పడవలోకి దిగి ఎడమ అంచున కూర్చున్నాను. చాలాసేపు కూర్చున్నాను. పడవ ఒరగలేదు. నా ఒక్కదాని బరువు దానికి చాలలేదు.