పప్పు గరిటె పాడుచేసిన టేకులు

2023 వేసవి. జగ్గయ్యపేటలో పెళ్లి వీడియోలు తీసుకుంటూ, ముహూర్తాలు లేని రోజుల్లో కామెడీ షార్ట్ ఫిలింలు తీసేవాణ్ణి. ఇప్పటికీ అదే పని. మా బడ్జెట్ ఎంత ఘనమైనదంటే, హీరోకీ విలన్‌కీ కలిపి ఒకటే మంచి చొక్కా. అందుకే నా కథల్లో వాళ్లిద్దరూ ఎప్పుడూ ఎదురుపడరు. చూసినవాళ్లు దాన్ని కొత్తరకం స్క్రీన్‌ప్లే అన్నారు, నేనూ కాదనలేదు. పెనుగంచిప్రోలులో మా సినిమా చూసి ఒక గేదె నవ్విందని, ఆ పూట పాలు రెండింతలు ఇచ్చిందని కూడా చెబుతుంటాను. గేదె సంగతి నమ్మడం నమ్మకపోవడం మీ ఇష్టం. ఇది మాత్రం జరిగింది జరిగినట్టే.

నందిగామలో కర్రీ పాయింట్ నడిపే వెంకాయమ్మక్కయ్య ఒకరోజు మా షాపుకొచ్చింది. ఆమె భర్త కోటేశ్వరరావు గారు ముక్త్యాల నుంచి సిమెంటు లారీ తోలేవారు. పక్షవాతంతో కుడిచెయ్యి పడిపోయాక ఇంటిపట్టునే ఉంటున్నారు.

"తమ్ముడూ, నీ సినిమాలో నాకో వేషం ఇవ్వు," అంది.

"ఇప్పుడెందుకక్కయ్యా ఈ సరదా?"

"సరదానా పాడా. మా ఆయన నీ సినిమాలు ఫోన్లో చూసి పడీపడీ నవ్వేవాడు. ఇప్పుడు నవ్వూ లేదు, తిండీ లేదు. రెండు ముద్దలు తిని మొహం తిప్పేసుకుంటాడు. సంపాదన లేని నోటికి అంత దేనికే అంటాడు. నన్ను తెర మీద చూస్తేనన్నా నవ్వుతాడేమోనని."

అప్పటికే నా దగ్గరొక కథ ఉంది. పెళ్లిరోజు మర్చిపోయిన మొగుడి మీద భార్య అలుగుతుంది. కంచం ముందు కూర్చోబెట్టి, పప్పు వడ్డించకుండా గిన్నె లోపలికి పట్టుకుపోతుంది. మొగుడి వేషం వత్సవాయి ప్రసాదు మాస్టారిది. షూటింగు అక్కయ్య వంటింట్లోనే. ఆయన తెర మీదే చూడాలని, కోటేశ్వరరావు గారిని ఆ పూట పక్కింట్లో కూర్చోబెట్టింది. ఖాళీ గిన్నెతో వడ్డన ఆడితే ఇంటికి మంచిది కాదని పొద్దున్నే ముద్దపప్పు వండింది. చిక్కంతా అక్కడే వచ్చింది.

"యాక్షన్" అన్నాను. ప్రసాదు "ఆకలేస్తోందే" అన్నాడు. అక్కయ్య కళ్లెర్రజేసి, "పస్తుండండి" అంటూనే గరిటెడు పప్పు వేసేసింది. పైన నెయ్యి కూడా.

పనికిరాని టేకును మేం ఎన్‌జీ అంటాం, నో గుడ్ అని. టేకు మీద టేకు ఎన్‌జీ అవుతూనే ఉంది. ప్రసాదు బెల్టు వదులు చేసుకున్నాడు.

"అక్కయ్యా, మీరు అలిగారండీ. కోపం చూపించండి, పప్పు కాదు."

"ఆకలని కంచం ముందు కూచున్న మనిషికి పెట్టకుండా ఎట్టా ఉండేదయ్యా? చెయ్యి ఆగట్లా."

ప్రసాదు చలవ వల్ల చివరికి పప్పు అయిపోయింది. ఇక వడ్డించడానికేమీ లేక, ఆమె కోపం అద్భుతంగా పండింది. ఆ టేకు ఓకే చేశాను.

ఎడిటింగ్‌లో క్లిప్పుల్ని వరసగా పేర్చే పట్టీని టైమ్‌లైన్ అంటారు. వద్దనుకున్న టేకుల్ని సినిమా పూర్తయ్యేదాకా చెరిపెయ్యకుండా దాని చివర్న పడేసేవాణ్ణి. ఫైలు తయారుచేసేటప్పుడు సినిమా ముగిసిన చోట గుర్తు పెట్టాలి, లేకపోతే ఆ టేకులూ ఫైల్లోకి వచ్చేస్తాయి. ఆసారి మర్చిపోయాను.

జగ్గయ్యపేటలో ఒక ఫంక్షన్ హాలు భోజనాల గదిలో, గోడకి తెల్లదుప్పటి కట్టి సాయంత్రం షో వేశాం. కోటేశ్వరరావు గారిది ముందువరస. అక్కయ్య వెనక నిలబడి, తెరని వదిలేసి ఆయన తలనే చూస్తోంది. గిన్నె లోపలికి వెళ్లిపోయే సీనుకి హాలంతా గొల్లున నవ్వింది. ఆయన మాత్రం తల దించుకున్నారు. తన తిండే దండగనుకునే మనిషికి, అన్నం పెట్టని పెళ్లాన్ని చూపించానని అప్పుడు తట్టింది నాకు. అక్కయ్య కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

సినిమా అయిపోయింది. జనం లేస్తున్నారు. ఉన్నట్టుండి తెర మళ్లీ వెలిగింది. "పస్తుండండి" అంటూ గరిటెడు పప్పు. మళ్లీ కోపం, మళ్లీ పప్పు. "చెయ్యి ఆగట్లా" అని అక్కయ్య గొంతు. లాప్‌టాప్ ఆపేద్దామని పరిగెత్తినవాణ్ణి, సగంలో ఆగిపోయాను.

కోటేశ్వరరావు గారు నవ్వుతున్నారు. మూతి ఒక పక్కకే కదులుతోంది గానీ, భుజాలు రెండూ ఎగురుతున్నాయి.

"దీని యాక్టింగు తగలెయ్య," అన్నారు ముద్దముద్దగా. "వద్దని చెప్పినా పెట్టుద్దయ్యా ఇది."

అక్కయ్య వచ్చి పక్క కుర్చీలో కూర్చుంది. ఇంటికెళ్లాక తినిపిద్దామని తెచ్చిన క్యారేజీ అక్కడే విప్పింది. రెండు ముద్దలు తిన్నారాయన. అలవాటుగా ఆమె మూత పెట్టబోయింది.

"ఆ మాస్టారికి నెయ్యేశావు," అన్నారాయన. "నాకేదే?"

నటుల చేత ఏం చేయించాలన్నదే డైరెక్టరు పని అనుకునేవాణ్ణి. ఇప్పుడు, వాళ్ల వల్ల ఏది కావట్లేదో కూడా చూస్తాను. అందుకే ఎన్‌జీ టేకులు ఇక ఎప్పటికీ చెరపను. కొత్త సినిమా ఏది తీసినా ముందు నందిగామ తీసుకెళ్లి కోటేశ్వరరావు గారికి చూపిస్తాను. ఆయన నవ్వని చోట కత్తెర పడుతుంది. చూసినంతసేపూ అక్కయ్య నాకు వడ్డిస్తూనే ఉంటుంది. బెల్టు నేనూ వదులు చేసుకునే వెళుతున్నాను.