పెద్ద టైరు కుడివైపు

నన్ను గేటు బయట నిలబెట్టించినవాడిని నేను క్షమించలేదు. ఇప్పటికీ క్షమించలేదు. పెద్దమనసు కథలు కావాల్సినవాళ్ళు వేరేచోట వెతుక్కోండి.

వాడు మా కార్ఖానా యజమాని కొడుకు. వాళ్ళదీ మా కరీంనగర్ వైపు నేత కుటుంబమే. సూరత్‌లో మగ్గాలు పెరిగాక వాళ్ళు పర్వత్ పాటియాలో ఫ్లాటు కొన్నారు, మేం లింబాయత్ గల్లీలోనే ఉండిపోయాం. వాళ్ళ మగ్గాలు బాగుచేసే ఫిట్టర్‌ని నేను. ఆదివారాలు మాత్రం ఇద్దరం సమానం. ఊరి శివార్లో ఉన్ అనే పేట దాటాక ఓ ఖాళీ జాగాలో కోడిగుడ్డు ఆకారంలో మట్టి ట్రాక్ ఉండేది. అక్కడ గో-కార్టుల పందేలు ఆడేవాళ్ళం. రెండు బండ్లూ నేనే తయారుచేశాను. వాడు జన్మలో పానా పట్టలేదు.

ఆ ట్రాక్ మీద ఎప్పుడూ ఎడమకే తిరగాలి. అందుకని కుడివైపు వెనక టైరు ఎడమదానికంటే కాస్త పెద్దది వేస్తాం. అప్పుడు బండి దానంతటదే ఎడమకు లాగుతుంది. అక్కడ అందరిదీ అదే పద్ధతి.

మొదటి లాక్‌డౌన్ సడలించాక ఒక రేసింగ్ జట్టువాళ్ళు ఊరవతల తారు ట్రాక్ మీద పరీక్ష పెట్టారు, ఎవరి గో-కార్టు వాళ్ళే తెచ్చుకోవాలి. గెలిచిన ఒక్కరికే ఫార్ములా కారులో సీటు. చక్రాలు బయటికి కనిపించే ఆ కారు నా కలల్లోకి వచ్చేది. తారు ట్రాక్‌కి కుడి మలుపులూ ఉంటాయి కదా, రెండు బండ్లకీ టైర్లు మార్చి సమానమైనవి వేశాను. వాడి బండికే ముందు వేశాను, చూడండి నా తెలివి!

గేటు దగ్గర నుదుటిమీద మిషన్ పెట్టి చూశారు. జ్వరం లేదు. వెనకనుంచి వాడు, "యే లింబాయత్ సే హై. పూరా ఏరియా సీల్ హై" అన్నాడు, కరోనాకి మా పేటంతా మూసేశారని. మా గల్లీకి అడ్డంగా కట్టిన కర్రలు వారం కిందటే తీసేశారు. ఆ సంగతి వాడికి తెలుసు. నన్ను వెనక్కి పంపేశారు.

"ఏమనుకోకు అన్నా, రూల్ గదా," అన్నాడు నాతో.

ఇంటికొచ్చి అమ్మకు చెప్పాను. "వాని నోట్ల మన్నువడ!" అంది. ఆ మధ్యాహ్నమే ఎవరికో పాజిటివ్ వచ్చి పరీక్ష ఆగిపోయింది. నాకు పండగలా అనిపించింది.

రెండో వేవ్ తగ్గాక మళ్ళీ పిలిచారు. సిగ్గూ శరం లేకుండా వాడు నా దగ్గరికే వచ్చాడు.

"అన్నా, బండి జర సెట్ చెయ్యి."

"ఎట్ల వెట్టాలె తమ్మీ?"

"ఎప్పటి లెక్కనే పెట్టు. గిదేమన్న కొత్తనా?"

ఎప్పటి లెక్కనే పెట్టాను. పెద్ద టైరు కుడివైపు. కడుపులో ఎంత చల్లగా ఉందో చెప్పలేను. నా బండికి మాత్రం సమానమైనవి వేసుకున్నాను.

ఆ రోజు ఏడెనిమిది మందిని కలిపి వదిలారు. మొదటి ఎడమ మలుపులో వాడు అందరినీ దాటేశాడు. తర్వాత కుడి మలుపు వచ్చింది. స్టీరింగ్ ఎంత తిప్పినా బండి మాట వినలేదు. నేరుగా పోయి గడ్డిలో దిగబడింది. అక్కడినుంచి నేనే ముందు. ఆఖరి ల్యాపు దాకా నేనే.

ఆఖరి ల్యాపులో అదే మలుపు దగ్గర వాడు హెల్మెట్ తీసి గడ్డిలో నిలబడి ఉన్నాడు. ముఖం చూడాలనిపించింది. తల తిప్పి కళ్ళారా చూశాను. అయ్యో, అంతే! మళ్ళీ ముందుకు చూసేసరికి నా చక్రాలు తారు అంచు దాటేశాయి. నా వెనక వస్తున్నవాడు లోపలివైపునుంచి దూసుకుపోయాడు. పిట్టపోరు పిట్టపోరు పిల్లి తీర్చిందంటారే, అట్లా మేం ఇద్దరం ఏనాడూ పట్టించుకోని మూడోవాడికి సీటు దక్కింది.

ఇంట్లో అమ్మ కంచం పెట్టి అడిగింది.

"సీటొచ్చిందా?"

"రాలే."

"వానికి?"

"వానిక్కూడ రాలే."

ఇంకో గరిటె అన్నం వడ్డించింది. "అయితే తిను."

తిన్నాను. గడ్డిలో వాడి ముఖం ఇప్పటికీ గుర్తుంది, తలుచుకుంటే ఇప్పటికీ హాయిగానే ఉంటుంది. ఆ ముఖం ఇచ్చేసి సీటు తీసుకో అని ఎవరైనా అంటే అప్పటికప్పుడే ఇచ్చేస్తాను. కానీ అడిగేవాళ్ళెవరు?