ఆ ‘సి’ ఎవరిది?

మా టెషీ ఊళ్లో సముద్రపు ఒడ్డున కోర్కోయ్ కెంకే అమ్ముతుంది. పులిసిన మొక్కజొన్న పిండిని పొత్తు తొక్కల్లో చుట్టి ఉడికించిన ముద్దలవి. ఆవిడ ఎలాంటిదో తెలియాలంటే ఈ ఒక్క సంగతి చాలు.

పెళ్లికి ముందు పాస్టరు ఇద్దరి రక్తపరీక్ష కాగితాలూ అడిగాడు. కోర్కోయ్‌కి జబ్బు లేకపోయినా సికిల్ అనే రక్తపు జబ్బు లక్షణం ఉందని వచ్చింది, పెళ్లికొడుకు టెట్టేకి లేదని వచ్చింది. పెళ్లి చేశారు. వాళ్ల కూతురు మూడేళ్లకే కీళ్లు పట్టుకుని ఏడ్చింది. సికిల్ జబ్బేనన్నారు.

అత్త అడోలే వీధిలోకొచ్చి అరిచింది. “రెండు వైపులా ఉంటేనే వస్తుందంట! నా కొడుకు రక్తం శుభ్రం. మరి ఇది ఎవడి పిల్లే?”

కోర్కోయ్ మొగుణ్ణి పెద్దాసుపత్రికి లాక్కెళ్లింది. పెళ్లికి ముందు చేసిన పాత పరీక్షకు ‘ఎస్’ అనే సికిల్ లోపం ఒక్కటే దొరుకుతుందట. టెట్టే రక్తంలో ఉన్నది ‘సి’ అనే ఇంకో లోపం. తల్లి నుంచి ఎస్, తండ్రి నుంచి సి వచ్చినా బిడ్డకు జబ్బే. పాస్టరును ఎవరూ ఏమీ అనలేదు.

“మా పుట్టింట్లో అలాంటివి లేవు!” అంటూ అడోలే తనూ రక్తపరీక్షకు చెయ్యి చాపింది. నిజమే, ఆవిడకు సి లేదు. కొడుక్కి అది తల్లి నుంచి కాకపోతే తండ్రి నుంచే రావాలి. మామ చనిపోయి పదేళ్లయింది, ఆయన రక్తం పరీక్షించే దారి లేదు.

మర్నాడు అత్త పిలవకుండానే వచ్చి ముద్దలు చుట్టడానికి కూర్చుంది. కోర్కోయ్ తలెత్తలేదు.

“మామయ్య నుంచే వచ్చిందని నేను నమ్ముతున్నాలే, అత్తా. కావాలంటే వీధిలో నిలబడి అరిచి చెప్తాను.”