బొట్టు పెట్టిన గాలిపరుపు

ఇది ఒక మహాయుద్ధం కథ. ఇందులో కోట ఉంది, రాజముద్ర ఉంది, కృష్ణగిరి నుంచి తరలివచ్చిన పరివారం ఉంది, నిండుసభలో నిజం బయటపడటం కూడా ఉంది. ఇంత చెప్పాక ఒప్పుకోక తప్పదు: కోట అంటే హోసూరు పక్కన మత్తిగిరి దాటాక ఉన్న ఒక వృద్ధాశ్రమం, రాజముద్ర అంటే మేనేజరు రబ్బరు స్టాంపు, పరివారం ఒక జీపుకు సరిపోయింది. యుద్ధం ఒక పరుపు గురించి.

మూడేళ్ల కిందట, వానలు మొదలైన వారంలో, ఆ ఆశ్రమంలో క్వాలిటీ కోఆర్డినేటరుగా చేరాను. అంతకుముందు హోసూరులో బ్రేకు భాగాలు చేసే ఫ్యాక్టరీలో ఆరేళ్లు చెకింగ్ పని చేశాను. బ్రేకులు చూసినవాడు ముసలివాళ్లను చూడలేడా అని ట్రస్టీలు అనుకున్నారు. నేనూ అనుకున్నాను. ఇప్పుడు నాకు ముప్పై మూడు. రిటైరయ్యానంటే జనం నవ్వుతారు. కానీ అక్కణ్నుంచి సాగనంపిన రోజు నాకు శాలువా కప్పారు, దండ వేశారు, చేతిలో యాపిల్ పండు పెట్టారు. దాన్ని మరే పేరుతో పిలవాలో నాకు తెలియదు.

హోదాల వరుస ఇది: ట్రస్టీలు, మేనేజరు నాగరాజప్ప, ఒక నర్సు, నలుగురు ఆయాలు, వాచ్‌మన్, ఆ తర్వాత నేను. వాచ్‌మన్ దగ్గర తాళాలుండేవి. నా దగ్గర ఫైళ్లుండేవి.

ఆ ఫైళ్లలో ముఖ్యమైనది టర్నింగ్ చార్టు. మంచం దిగలేనివాళ్లను రెండు గంటలకోసారి తిప్పాలి: ఎడమకు, వెల్లకిలా, కుడికి. లేకపోతే ఎముక ఒత్తిన చోట రక్తం ఆడక చర్మం ఎర్రబడుతుంది. ఆ ఎరుపును వేలితో నొక్కి చూస్తారు. తెల్లబడితే ఇంకా సమయం ఉన్నట్టు. తెల్లబడకపోతే పుండు మొదలైనట్టు. తిప్పిన ప్రతిసారీ ఆయా ఈ చార్టులో సంతకం పెట్టాలి. చార్టు గీసింది నేనే. ఫ్యాక్టరీలో మెషిన్లకు వాడే చెక్‌షీటు తెచ్చి, ‘ఆయిల్ మట్టం’ అన్నచోట ‘ఎడమ పక్క’ అని మార్చాను. చూడముచ్చటగా వచ్చింది. నాగరాజప్ప దానికి ఫ్రేము కట్టిస్తానన్నాడు.

ఆయుధపూజ అయిన రెండో వారం, జిల్లా అధికారుల తనిఖీకి ఇంకా ఆరు రోజులున్నాయనగా, మునిరత్నమ్మ మంచం దగ్గరికి వెళ్లాను. కెలమంగలం పక్క పల్లె ఆమెది. ఊళ్లో నలభై ఏళ్లు పట్టుపురుగులు పెంచింది. తుంటి విరిగి మంచాన పడింది, పైగా షుగరు. చార్టు ప్రకారం సాయంత్రం ఆరింటికి ఆమెను కుడిపక్కకు తిప్పేశారు. నా గడియారంలో ఉదయం పదకొండయింది.

ఆ వార్డు ఆయా సరోజమ్మను అడిగాను. ఆమె బకెట్టు కూడా కింద పెట్టలేదు.

“పొద్దున్నే అన్నీ పెట్టేస్తాం కదప్పా. పదకొండు మంచాలకు నేనొక్కతే ఉండాను. తిప్పేదా, సంతకం పెట్టేదా? సారు సంతకమే అడిగినాడు.”

తప్పు పట్టడానికి నోరు తెరిచాను కానీ, మేం ఫ్యాక్టరీలో చేసిందీ అదే. ఆడిట్ వస్తోందంటే షిఫ్టు మొదట్లోనే షీటంతా నింపేసి టీకి పోయేవాళ్లం. చార్టుతోపాటు రోగాన్ని కూడా అక్కణ్నుంచి నేనే మోసుకొచ్చాను.

మునిరత్నమ్మ వింటూనే ఉంది. “పురుగులకే రోజూ పడక మార్చల్లప్పా. కింద తినిడిసిన ఆకు రొట్ట అట్లే పెడితే రోగమొచ్చి తట్ట తట్టే పోతాది. నేను పురుగు కన్నా కడనా?” అంది. కోపంగా అనలేదు. పెంపకం తెలియనివాడికి చెప్పినట్టు చెప్పింది.

నర్సును పిలిచాను. మునిరత్నమ్మ తుంటి మీద ఎర్రబడిన చోట ఆమె వేలితో నొక్కింది. తెల్లబడలేదు. చర్మం చిట్లితే ఈ వయసులో, ఈ షుగరుతో పుండు మానదని, మనిషి దక్కడం కష్టమని పక్కకు పిలిచి చెప్పింది. గాలిపరుపు కావాలని నెల నుంచి అడుగుతోందట. పంపు నడుస్తుంటే దాని గొట్టాలు వంతులవారీగా ఉబ్బి తగ్గుతూ ఒకే చోట ఒత్తిడి పడకుండా చూస్తాయి.

గాలిపరుపు ఉంది. స్టోరు గదిలో, ప్లాస్టిక్ కవరు విప్పకుండా. పూజ రోజు జనరేటరుకూ గ్రైండరుకూ పెట్టినట్టే దాని పంపుకూ గంధం, కుంకుమ పెట్టారు. నిమ్మకాయ ఎండిపోయి ఉంది.

“తనిఖీ అయ్యేదాకా కవరు తియ్యొద్దప్పా,” అన్నాడు నాగరాజప్ప. “కొత్తదిగా కనిపించల్ల. ఆయమ్మను పండబెడితే మరకలైతాయి.”

పరుపు పడుకోవడానికేనని గుర్తుచేశాను. “నీకు అనుభవం తక్కువప్పా,” అన్నాడు. ఆశ్రమం నడపడంలో ఆయన అనుభవం పద్నాలుగు నెలలు.

ఆ ఆరు రోజులూ సరోజమ్మ, నేను కలిసి మునిరత్నమ్మను తిప్పాం, వీలైనప్పుడల్లా. వీలు సగం సార్లే కుదిరింది. ఎరుపు పెరగలేదు, తగ్గనూ లేదు. చార్టు మాత్రం ఏ రోజుకారోజు పొద్దున్నే పూర్తయ్యేది.

తనిఖీ రోజు గుమ్మానికి అరటిచెట్లు కట్టారు. కృష్ణగిరి నుంచి వచ్చిన అధికారిణి ఫైళ్లు తిరగేసి చార్టు బాగుందన్నారు. నాగరాజప్ప నా వీపు తట్టాడు. అప్పుడు నేను ఆ రోజు కాగితమే తీసి ఆమె ముందు పెట్టాను. ఉదయం పదకొండున్నరకే సాయంత్రం ఆరు గంటల సంతకం ఆరిపోయి ఉంది. దాన్ని ఇలా నింపడం నేర్పిన షీటు నాదేనని కూడా చెప్పాను. సభ నిశ్శబ్దమైంది అని రాయాలని ఉంది కానీ, వంటింట్లో మిక్సీ తిరుగుతోంది.

అధికారిణి నేరుగా మునిరత్నమ్మ దగ్గరికి నడిచారు. తుంటి చూశారు. పరుపేదని అడిగారు. వాచ్‌మన్ తాళం తీశాడు. ఇద్దరు మోసుకొచ్చారు, వెనక ట్రస్టీలు, ఊరేగింపులాగే. కవరు చింపారు, పరిచారు. ముసలామెను మెల్లగా దాని మీదికి జరిపారు. నాగరాజప్ప స్వయంగా పంపు వైరు తీసుకుని గోడవైపు నడిచాడు. మధ్యలో ఆగిపోయాడు. వైరు అందలేదు.

“ఎక్స్‌టెన్షన్ బాక్సు యాడుంది?” అన్నాడు.

“మైకుకు పెట్టినారు సార్, స్వాగతానికి,” అంది సరోజమ్మ.

మైకు తీసేస్తే ఉపన్యాసం ఎట్లా అని ఒక ట్రస్టీ అడిగాడు. ఉపన్యాసం వద్దని, బాక్సు విప్పి తెచ్చేలోపు ఆమెను పక్కకు తిప్పమని అధికారిణి చెప్పారు. సరోజమ్మ తిప్పింది. ఆ రోజు వేళకు జరిగిన మొదటి తిప్పడం అదే.

ఆ వార్డుకు ఇంకో ఆయాను వేయాలని రాతపూర్వకంగా ఆదేశం వచ్చింది. వేశారు. సంతకం తిప్పాకే పెట్టాలన్నారు, చార్టులో ఖాళీలు కనిపించడం మొదలైంది. నాగరాజప్పకు అవి నచ్చలేదు. ఏడు వారాలకు మునిరత్నమ్మ తుంటి మామూలు రంగుకు వచ్చింది. మార్చిలో నా కాంట్రాక్టు పొడిగించలేదు, శాలువా కప్పారు.

దీన్నుంచి నేను నేర్చుకున్నది ఇంతే: పూర్తిగా నిండిన చార్టు కనిపిస్తే ముందు మనిషిని చూడాలి, ఆ తర్వాత గడియారం చూడాలి. ఇంకొకటి, గాలిపరుపు కొనేవాళ్లకు: పంపు వైరు ఐదడుగులే ఉంటుంది. ప్లగ్ పాయింటు ఎంత దూరముందో ముందే కొలుచుకోండి.